మూడు వందల నాలుగు ఊపిరులు

నమోదు 1138. సోమవారం.

పొద్దున ఆరోగ్య గది తుడిచాను. ఇక్కడ తుడవడానికి చీపురు పనికిరాదు. చీపురు పడితే బూడిద లేచి గాల్లో తేలుతూ కూర్చుంటుంది, కిందికి దిగడానికి దానికి తొందరేమీ ఉండదు. తడిగుడ్డతో ఒత్తి ఎత్తి, ఆ గుడ్డను డబ్బాలో పెట్టి మూత బిగించాలి. బూడిదగుట్ట బస్తీకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. నేను ఇక్కడ నేర్చుకున్న మొదటి విద్య ఇది. నర్సు చదువు దీని తరువాతే అక్కరకొచ్చింది.

మా ముత్తాతలు భూమి మీద గోదావరి పక్కన బొగ్గు తవ్వారు. మేము చందమామ మీద మంచురాయి కోస్తున్నాం. తవ్వడం మా ఒంట్లో ఉంది, దుమ్ముతో చావడం కూడా. బస్తీ మొదలైన పదేళ్లలో పదకొండు మంది కోతగాళ్లు ఊపిరితిత్తుల్లో బూడిద పేరుకొని పోయారు. ఆ తరువాతే అందరూ కూర్చొని ఒక నిర్ణయం చేశారు. ప్రతి షిఫ్టు కూలిలో ఇరవయ్యో వంతు ఉమ్మడికి పోతుంది. గాలి, నీళ్లు, బడి, ఈ గది దాని మీదే నడుస్తాయి. ఆరేళ్లు దాటిన ప్రతి మనిషీ ఏడాదికి రెండుసార్లు ఊపిరి గొట్టంలో ఊదాలి. పైసా అడగరు. దీపం పచ్చగా వెలిగితే సరే, ఎర్రగా వెలిగితే వైద్యం.

ఇవాళ నాలుగు ఇళ్ల నుంచి పంతొమ్మిది గొట్టాలు తిరిగి వచ్చాయి. పంతొమ్మిదీ పచ్చ.

మధ్యాహ్నం సభ నుంచి కాగితం వచ్చింది. పదిహేను రోజుల్లో ఓటు. ఊపిరి పరీక్ష మూసేసి ఈ గదిని పూర్ణిమ అనే ప్రైవేటు సంస్థకు ఇవ్వాలా వద్దా అని. కారణం కింద ఒకే వాక్యం రాశారు. 'మూడేళ్లుగా ఒక్క ఎరుపూ లేదు.' నిప్పు అంటుకోలేదని నీళ్ల బిందె పారబోసే తెలివి ఇది. ఒళ్లు మండిపోయింది. కాగితాన్ని మడిచి డబ్బాలో మురికిగుడ్డల పక్కన పెట్టాను.

నమోదు 1139. మంగళవారం.

పూర్ణిమ మనిషి శ్రీనాథ్ గారు గది కొలతలకు వచ్చారు. నేను ఇంకా గదిలో ఉండగానే టేపు పరిచారు. మనిషి మర్యాదస్తుడే, అదే నాకు ఇంకా కోపం. తిట్టడానికి సందు ఇవ్వడు.

వాళ్ల పథకంలో చేరినవాళ్లు నెలనెలా కడతారు. పెద్ద పడక ఒకటి తెచ్చారు. అందులో పడుకుంటే తల నుంచి కాలి దాకా ఫొటో తీస్తుంది. చేరినవాళ్లు దాదాపు అందరూ కోతగాళ్లు, ఇంజనీర్లు. వాళ్ల ఇంట్లోవాళ్ల సంగతి 'తరువాతి దశలో' అట.

"మేడమ్, మీ పని మీద నాకు గౌరవం ఉంది. అయినా అడుగుతాను, ఏమీ అనుకోకండి" అన్నారు. "మా పడకలో రెండు వందల పది మందిని చూశాం. ముప్పై నాలుగు మందిలో ఏదో ఒకటి దొరికింది. మీరు పదహారు వందల మందిని చూశారు. సున్నా."

"ఆ ముప్పై నాలుగుల మా ఓదెలు ఒకడు సార్. ఏదో చుక్క ఉన్నదని సూది పొడిచిన్రు. ఆ చుక్క ఏం గాదని తేలింది. ఓదెలు మాత్రం నెల దినాలు మంచం పట్టిండు."

ఆయన తల ఊపారు. "నిజమే. ముప్పై ఒక్కటి ఏమీ కాదనే తేలాయి. మిగతా ముగ్గురికి మాత్రం నిజంగా జబ్బుంది. ఊపిరి జబ్బు కాదు, వేరేవి. ముగ్గురూ బతికారు. అది కూడా లెక్కలో వేయండి."

వేశాను. ఏం చేస్తాను, నిజం కదా.

టేపు చుట్టుకుంటూ మళ్లీ అన్నారు. "సున్నా వచ్చిందంటే జబ్బు లేకపోవచ్చు మేడమ్. లేదా మీ పరీక్ష చూడాల్సింది చూడట్లేదేమో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన పోగానే నేను గొట్టాలు సర్దడం మొదలుపెట్టాను. ఆ మాట పోవడం లేదు.

నమోదు 1140. బుధవారం.

రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

గొట్టంలో ఊదిన గాలి ఎంత, ఎంత వేగంతో వచ్చింది, ఎక్కడ తగ్గింది అనేది మిషను ఒక గీతగా గీసి దాచుకుంటుంది. దీపం ఆ గీతను చూసే వెలుగుతుంది. మూడేళ్లుగా నేను దీపం చూశాను, గీత చూడలేదు. పదహారు వందల గీతలు చూసే ఓపిక ఎవరికుంది అనుకున్నాను. ఇవాళ తెరిచాను.

మొదట చేతికి వచ్చింది ఏడో వరుసలోని లచ్చవ్వ ఇల్లు. ఆమె మామ రాజలింగు తాతకు ఎనభై నాలుగేళ్లు. మంచం నుంచి గుమ్మం దాకా రావడానికి రెండుచోట్ల ఆగే మనిషి. ఆయన గీత ఎద్దు ఊపిరిలా ఉంది. ఆ కింద మనవరాలు హాసిని, ఏడేళ్ల పిల్ల. అదే ఎద్దు ఊపిరి. కొడుకు భూమయ్య, కోడలు అనసూర్య, లచ్చవ్వ, ఐదుగురివీ ఒకే గీత. చివరలో చిన్న దగ్గు తునక కూడా ఐదింటిలోనూ అదే.

బస్తీ మొత్తం గీతలను పోల్చి, ఒకే తీరువి ఒకచోట చేర్చమని మిషనుకు చెప్పాను. ఊదింది పదహారు వందల పన్నెండు మంది. వచ్చిన కుప్పలు మూడు వందల నాలుగు.

బస్తీలో ఇళ్లు మూడు వందల నాలుగు.

ఇంటికి ఒక్కరే ఊదారు. మిగతా పదమూడు వందల మంది ఊపిరి మూడేళ్లుగా ఎవరూ చూడలేదు. క్యూ తగ్గుతుందని గొట్టాలు ఇళ్లకు పంపిన మహాతల్లిని నేనే. అప్పట్లో నా తెలివికి నేనే మురిసిపోయాను.

నమోదు 1141. గురువారం.

లచ్చవ్వ ఇంటికి వెళ్లాను. జొన్నరొట్టె చేస్తోంది. అరవై ఏళ్ల మనిషి, పిండి కొట్టే చప్పుడు వరుస చివరిదాకా వినిపిస్తుంది.

"లచ్చక్కా, రాజలింగు తాత గొట్టం ఎవలు ఊదిన్రు?"

"నేనే."

"హాసినిది?"

"నేనే. ఏమాయె?"

"అనసూర్యది? భూమయ్యది?"

"అందరియి నేనే ఊదిన" అంది, మెడల్ అడుగుతున్నంత ధీమాగా. "ఒక్క ఇంటికి ఒక్కటే గాలిపెట్టె. అందరం పీల్చేది ఆ గాలే. ఎవలు ఊదితే ఏంది? పోరనికి షిఫ్టు, కోడలికి సూట్ల పని, తాతకు చేతగాదు. ఇంట్ల ఉన్నదాన్ని నేను ఊదిన. నాది గట్టి ఊపిరని నువ్వే అన్నవు గదా!"

ఏం తిడతాను? ఇక్కడ ఇల్లంటే ఒక మనిషి కిందే లెక్క. నీళ్ల వాటా ఇంటికి ఇస్తారు. పైన ఎండలో మనిషికి ఇన్నే అని పెట్టిన గంటలు అన్నకు అయిపోతే తమ్ముడు అన్న పేరు మీద షిఫ్టుకు పోతాడు, మస్టరులో అన్నకు హాజరు పడుతుంది. అలా ఒకరికొకరు అడ్డం నిలబడే ఈ బస్తీ బతికింది. ఊపిరి కూడా అలాగే ఊదిపెట్టారు. మోసం కాదు, ప్రేమ. మోసమైతే నాకు ఇంత భయం వేసేది కాదు.

"అక్కా, ఒక్క కుండల అన్నమే అందరు తింటరు. అందరికి ఒక్కతీరుగ అరుగుతదా? గాలి ఒక్కటే. తిత్తులు ఎవలవి వాళ్లకే."

ఆమె చేతిలో పిండి ఆగింది.

గుమ్మం పక్క దుమ్ము గదిలో అనసూర్య సూట్లు బ్రష్ చేస్తోంది. ఇరవై తొమ్మిదేళ్లు. చేయి చురుకని వరుసలో పదకొండు ఇళ్ల సూట్లూ ఆమెకే ఇస్తారు. రోజూ పైనుంచి వచ్చిన బూడిదంతా ఆ నాలుగు గోడల మధ్య రాలుతుంది. గొట్టం చేతికిచ్చి ఊదమన్నాను.

"నాకేమైంది స్వరూపక్కా, మంచిగనే ఉన్న. జెర అలసట, గంతే."

ఊదింది. వందకు యాభై ఎనిమిది. దీపం ఎర్రగా వెలిగింది. మూడేళ్లలో ఆ రంగు చూడటం ఇదే మొదటిసారి.

వెనక పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. లచ్చవ్వ తీయలేదు. ఆమె భర్త ఆ పదకొండు మందిలో ఒకడు.

"నా ఊపిరి తీస్కపోయి ఆమె పేరు మీద రాసిన. ఆమెకు బాగలేదని నాకు తెలువకుంట నేనే మూత పెట్టిన" అంది. "స్వరూపా, పోతదా నా కోడలు?"

"పోదు అక్కా. ఇప్పుడు దొరికింది గాబట్టి పోదు. దుమ్ముకు దూరముంచి తిత్తులు కడిగితే తిరిగొస్తయి. ఇంకో ఏడాది ఆగితే నేను గూడ ఏం చేయకపోదును."

బయటికి వచ్చాక అనసూర్య పేరు ఎదుట యాభై ఎనిమిది అని రాశాను.

నమోదు 1142. శుక్రవారం.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ అనుకొని బస్తీ పెద్ద పోశెట్టి దగ్గరికి పోయి అంతా చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "మూడేండ్లు! ఉమ్మడి పైసలతోని మూడు వందల మందినే చూసినవా? నేను సభల ఏమని మొఖం చూపియ్యాలె స్వరూపా?"

"తప్పు నాదే పోశన్నా. గొట్టాలు ఇండ్లకు పంపింది నేను, గీతలు చూడంది నేను. ఓటుకు ఇంకా పదకొండు దినాలున్నయి. అందరు నా కండ్ల ముందట ఊదుతరు. అప్పటికి సున్నా వస్తే గది తాళాలు నేనే తీస్కపోయి శ్రీనాథ్ సార్ చేతుల పెడ్త."

"సున్నా రాదని తెలిసే అంటున్నవు గదా?"

"ఒకటి వచ్చింది. లచ్చక్క కోడలు."

కూర్చున్నాడు. ఆయన తండ్రి కూడా ఆ పదకొండు మందిలో ఉన్నాడు. "పో, పని చూసుకో" అన్నాడు.

నమోదు 1145. సోమవారం.

ఇల్లిల్లూ తిరుగుతున్నాం. అనసూర్యకు తిత్తుల కడుగు మొదలైంది. ఆమెను పచ్చిక గదిలో, మొక్కల మధ్య పడుకోబెట్టాం.

నాతో లచ్చవ్వ వస్తోంది. నేను పిలవలేదు. పొద్దున్నే పైట బిగించి గది ముందు నిలబడింది. పేరు చదివేది నేను, మనిషిని బయటికి లాగేది ఆమె.

మూడో వరుసలో భార్యకిచ్చిన గొట్టాన్ని ఒకాయన తన వైపు లాక్కున్నాడు. "ఆమె పనిల ఉన్నది, నేను ఊదుత తియ్యి" అన్నాడు.

"మొన్న కాన్పు గూడ నువ్వే అయినవా?" అంది లచ్చవ్వ.

వరుసంతా గొల్లుమంది. ఆ భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ఊదింది. ఎరుపు. నవ్వులు ఆగిపోయాయి. ఆమె భర్త గొట్టాన్ని, ఆమెను మార్చి మార్చి చూశాడు. అప్పటిదాకా ఇళ్లలో దాక్కున్న ఆ వరుస జనం ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు. పిలవాల్సిన పని లేకపోయింది.

నమోదు 1151. ఆదివారం.

అయిపోయింది. పదహారు వందల పన్నెండు మంది ఊదారు. గీతలన్నీ విడివిడిగా చూశాను, కళ్లు మంటలెత్తాయి. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు.

ఎరుపు ఇరవై మూడు.

పేర్లు వరసగా రాసుకొని చూస్తే మతి పోయింది. కోతగాడు ఒక్కడూ లేడు. ఇరవై ఒక్కరు ఇళ్లలో సూట్లు బ్రష్ చేసే ఆడవాళ్లు. మిగతా ఇద్దరు, వెచ్చగా ఉంటుందని దుమ్ము గదిలోనే కూర్చొని పేకాడే ముసలాళ్లు.

ఆ పదకొండు మంది నాటి కారే సూట్లు ఇప్పుడు లేవు. కోతగాడు పైన బూడిదలో నిలబడతాడు కానీ వాడు పీల్చేది సీసా గాలి. ఆ బూడిదను సూటుతో ఇంటికి మోసుకొస్తాడు. పీల్చేది ఇంట్లో వాళ్లు. మేమంతా పైన వెతుకుతుంటే జబ్బు గుమ్మంలో కూర్చుంది. పూర్ణిమ పడకకు ఇది కనిపించే వీలే లేదు. అది మంచిది కాదని కాదు. ఈ ఇరవై మూడు మందిలో ఒక్కరూ దాని మీద పడుకోలేదు. వాళ్లకు కూలి లేదు, కట్టే దారి లేదు, ఎవరి లెక్కలోనూ పేరు లేదు.

అందరినీ చూస్తేనే ఇది కనిపించింది. కోపమూ వస్తోంది, సంతోషమూ వస్తోంది. ఇరవై మూడు మందీ బతికి ఉన్నారు. అందరికీ ఇంకా వేళ ఉంది.

నమోదు 1153. మంగళవారం. ఓటు.

సభ గది నిండిపోయి నడవలో కూడా నిలబడ్డారు. నా తప్పు మొదట నేనే చెప్పాను, ఎవరో ఎత్తి చూపేదాకా ఆగలేదు. తరువాత ఇరవై మూడు పేర్లు చదివాను. ఒక్కో పేరుకు ఎక్కడో ఒకచోట ఎవరో ఉలిక్కిపడ్డారు.

ఒకాయన లేచి, "మూడేండ్లు పనిచేయని దాన్ని ఇంకా ఎందుకు మోయాలె?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు లచ్చవ్వ ముందుకు వచ్చింది.

"పరీక్ష పనిచేయకపోవుడు కాదు తమ్మీ, మనం దానికి అబద్ధం చెప్పినం. నేను చెప్పిన, నీ ఇంట్ల నీ అవ్వ చెప్పింది. నా పెనిమిటి సచ్చినంక కడుపు కాలి అడిగి పెట్టిచ్చుకున్న పరీక్ష ఇది. దాన్ని నేనే నా చేతులార గుడ్డిదాన్ని చేసిన. కోడలి మీద పావురంతోని, ప్రేమతోని చేసిన. పైసలు కట్టినోళ్లనే చూసే పడక నా కోడలిని చూడకపోవు. ఆమె పేరు ఏ మస్టర్ల లేదు. ఆమెను చూసేటిది ఈ ఒక్క గదే. దీన్ని గూడ మూస్తరా?"

శ్రీనాథ్ గారు చేయి ఎత్తారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"నేను సంస్థ తరఫున వచ్చాను, సంస్థ మాటే చెప్పాలి" అన్నారు. "కానీ ఈ ఇరవై మూడు మందిని మేము కనిపెట్టేవాళ్లం కాము. అది సభకు తెలియాలి. మా పడక వీళ్లకు ఉపయోగపడుతుంది, మచ్చ ఎక్కడుందో చూపిస్తుంది. ఎవరిని పంపాలో మాత్రం ఆ గొట్టమే చెప్పాలి." కూర్చుంటూ నా వైపు చూసి చిన్నగా తల వంచారు. నేను చేతులెత్తి మొక్కాను. పదిహేను రోజుల కోపం అక్కడే రాలిపోయింది.

పోశెట్టి ఓటుకు పిలిచాడు. ఇంటికి ఒక చేయి, ఎప్పటి పద్ధతే. లచ్చవ్వ అడ్డం పడింది.

"ఇయ్యాల ఇంటి చెయ్యి వద్దు పోశన్నా. మనిషి చెయ్యి లెక్కపెట్టు."

ఆయన నవ్వాడు. నవ్వి, సరేనన్నాడు. లెక్కపెట్టడానికి గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు తప్పి మొదటికి వచ్చాడు. చేతులు దించమంటే ఎవరూ దించలేదు. నడవలో గోడకు ఆనుకొని రాజలింగు తాత కూడా ఎత్తాడు, దించడానికి ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చింది.

ఉంచాలని వెయ్యిన్నీ డెబ్బై ఒకటి. మూయాలని అరవై నాలుగు.

గది ఉంటుంది. ఇకనుంచి ప్రతి ఒక్కరూ ఇక్కడికే వచ్చి ఊదుతారు. బస్తీ ద్వారం దగ్గరే ఉమ్మడి ఖర్చుతో సూట్లు తడిపి కడిగే చోటు కడతారు, బూడిద ఇక ఏ ఇంటి గుమ్మమూ తొక్కదు. ఎర్ర దీపం వచ్చినవాళ్లకు పూర్ణిమ పడకను ఉమ్మడి తరఫున వాడతారు. శ్రీనాథ్ గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

గెలిచాం. ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాయాలని ఉంది కానీ ఈ నమోదు మిషను ఒప్పుకోదు. గెలిచాం.

నమోదు 1271. సోమవారం.

నాలుగు నెలలయింది. ఇరవై మూడు మందిలో పంతొమ్మిది మందికి దీపం మళ్లీ పచ్చగా వెలిగింది. మిగతా నలుగురికి మెల్లగా వస్తోంది, వస్తుంది. రెండు గుట్టల అవతలి బస్తీ మా గొట్టాలు కావాలని కబురు పెట్టింది.

ఇవాళ అనసూర్య వంతు. లచ్చవ్వ లోపలికి రానంది. బయట క్యూలో నిలబడి, తలుపు వైపు వీపు పెట్టింది.

అనసూర్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. గొట్టాన్ని తానే పట్టుకుంది. ఊదింది. గీత లేచి, నిలబడి, నిదానంగా దిగింది. ఎక్కడా తెగలేదు. వందకు ఎనభై ఒకటి. నేను అంకె చదివేలోపే ఆమె తలుపు తోసుకొని బయటికి ఉరికింది.

"అత్తమ్మా! ఎనభై ఒకటి!"

లచ్చవ్వ తిరిగింది. ముఖమంతా తడిసి ఉంది.

"నాది తొంబై ఆరు" అని మూతి తిప్పింది. "ఏం మురుస్తవు? మల్ల ఆర్నెల్లకు నన్ను దాటాలె."

కోడలిని గుండెకు అదుముకొని వరుస మధ్యలోనే భోరుమంది. క్యూ అంతా నవ్వింది, కొందరు ఏడ్చారు. నేను రెండూ చేశాను. తరువాత కళ్లు తుడుచుకొని కొత్త గొట్టం విప్పి, వరుసలో ముందున్న మనిషిని పేరు పెట్టి పిలిచాను.